క్వారీ సెట్టు చెప్పిన మాట

దయ్యాల కథలు నేను చాలా చెప్పాను. ఒక్కదాన్ని కూడా నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. వాటిలో సగానికి పైగా పుట్టింది నా దుకాణంలోనే.

జడ్చర్ల పాత బస్టాండు వెనక టీవీలు, మిక్సీలు, ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణం నాది. కరెంటు పోతే చేతికి పని ఉండదు. ఎదురుగా కూర్చున్న గిరాకీని ఉత్తగా కూర్చోబెట్టడం బాగుండదని ఏదో ఒకటి చెబుతుంటాను. రైల్వే గేటు దగ్గర బండి ఆపి లిఫ్టు అడిగే ముసలమ్మ నా సృష్టే. ఆమెను కళ్ళారా చూశామని, చీర రంగుతో సహా నాకే చెప్పినవాళ్ళు ఉన్నారు. నేను నోరు మూసుకుని విన్నాను.

కాబట్టి కింద రాసినది మీరు నమ్మకపోతే నాకు కోపం లేదు. నా సొంత చెల్లెలే చాలాకాలం నమ్మలేదు.

నాకు ఇంకో పిచ్చి ఉంది. హ్యామ్ రేడియో. సర్కారు పెట్టే పరీక్ష రాసి లైసెన్సు తీసుకుంటే మనకొక కాల్ సైన్ ఇస్తారు. ఆ పేరుతో, మన సొంత వైర్‌లెస్ సెట్టుతో, మనలాంటి పిచ్చివాళ్ళతో మాట్లాడుకోవచ్చు. ఫోన్లు ఉండగా ఇదెందుకని అడగకండి. పావురాలు పెంచేవాణ్ణి కొరియర్ ఉండగా ఇవెందుకని ఎవరూ అడగరు.

కొత్త సెట్లు మాకు అందవు. కంపెనీలు, ఫ్యాక్టరీలు, క్వారీలు వాడి పారేసిన పాత సెట్లు కొని మార్చుకుంటాం. వాటిలో వేలి గోరంత క్వార్ట్జ్ బిళ్ళలు ఉంటాయి. క్రిస్టల్ అంటారు. ఆ బిళ్ళ ఏ ఫ్రీక్వెన్సీకి కోసి ఉంటే సెట్టు దాన్నే వింటుంది, దాని మీదే మాట్లాడుతుంది. పాత బిళ్ళలు పీకి, హ్యాములకు కేటాయించిన ఫ్రీక్వెన్సీ బిళ్ళలు పెట్టి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో లోపలి కాయిళ్ళను కొంచెం కొంచెం తిప్పుతూ దారికి తెచ్చుకోవాలి. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే దాని ఇనుముకే లెక్క తప్పుతుంది. ఓపిక కావాల్సిన పని. బిళ్ళలు పీకేసిన తర్వాత, కొత్తవి పెట్టేదాకా సెట్టు చెవిటిది, మూగది. ఉత్త బుసకొడుతుంది, అంతే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక ఎండాకాలం, మా ఊరి పాత ఇనుము దుకాణంలో ఒక సెట్టు దొరికింది. ఏదో మూతపడ్డ రాతి క్వారీ జీపు నుంచి ఊడదీసినదట. మూత విప్పితే బూడిదలాంటి రాతిపొడి. బ్రష్షుతో ఎంత ఊడ్చినా మూలల నుంచి ఇంకా రాలుతూనే ఉంది. పార్టులు మాత్రం గట్టివి. సంతోషంగా తెచ్చుకున్నాను.

బిళ్ళలు పీకి బల్ల మీద పెట్టాను. పవర్ సప్లై ఎలా ఉందో చూద్దామని సెట్టుకు కరెంటిచ్చాను. పట్టపగలు. బయట ఆటోలవాళ్ళు అరుచుకుంటున్నారు. స్పీకర్ బుసకొడుతోంది. ఉన్నట్టుండి ఆ బుస ఆగింది. ఒక మగ గొంతు, కొంచెం ఆయాసపడుతూ:

"ఆగుండ్రి. కింద మనిషున్నడు."

మళ్ళీ బుస.

హ్యాము అలవాటు ఎంత చెడ్డదంటే, నేను మైకు తీసి నొక్కి, దయచేసి మీ కాల్ సైన్ చెప్పండి అన్నాను. బిళ్ళలు లేని సెట్టులో! నా చెప్పుతో మాట్లాడినా అంతే ఉపయోగం. అప్పుడు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అనుమానం వచ్చింది. దయ్యం మీద కాదు, సత్తార్ మీద.

సత్తార్ నా దోస్తు. మైక్ సెట్లు కిరాయికిచ్చే దుకాణం వాడిది. వాడూ హ్యామే. అంతకు కొన్నాళ్ళ ముందు నేను గొంతు మార్చి, మంచు ఖండంలోని ఒక పరిశోధన కేంద్రం నుంచి మాట్లాడుతున్నట్టు వాడితో మాట్లాడాను. పాపం వాడు ఇంటికి మిఠాయి తీసుకెళ్ళాడు. నిజం తెలిసిన రోజు నుంచి నాకు బదులు తీర్చాలని చూస్తున్నాడు. దగ్గరలో చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి దాచి, సెట్టు బిళ్ళల తర్వాత లోపల వాడుకునే మధ్య ఫ్రీక్వెన్సీ మీద నేరుగా మాట్లాడితే, బిళ్ళలు లేకపోయినా గొంతు దూరుతుంది. వాడికి అంత తెలివి ఉంది. దుకాణమంతా వెతికాను. ఫ్యాను డోము విప్పాను. దేవుడి పటం వెనక చూశాను. ఏమీ లేదు.

సాయంత్రం చాయ్ దగ్గర వాడి ముఖం చూస్తూ, మామూలుగా, "ఇయాల నా బిళ్ళల్లేని సెట్టు మాట్లాడింది తెలుసా" అన్నాను.

వాడు ఒక గుటక తాగి, మెల్లగా పళ్ళు బయటపెట్టాడు. "ఎట్లుంది భాయ్? డర్ అయిందా లేదా?"

"ఎట్ల చేసినవ్ రా?"

"అగో, ఉస్తాద్‌వి నువ్వు. నన్నడుగుతున్నవా?"

ఇంకోసారి అడిగితే ఓడిపోయినట్టు. అడగలేదు. కొత్త బిళ్ళలు పెట్టి, కాయిళ్ళు తిప్పి, సెట్టును మా ఫ్రీక్వెన్సీకి తెచ్చుకున్నాను. చక్కగా పనిచేసింది. ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను.

ఇక బావి సంగతి.

మా చెల్లెలు యాదమ్మది కల్వకుర్తి దాటాక లోపలి పల్లె. ఆమె, మా బావ కిష్టయ్య బత్తాయి తోట పెట్టారు. మొక్కలప్పుడు యాదమ్మ బిందెలతో నీళ్ళు పోసి పెంచింది. సరిగ్గా మంచి కాపు వచ్చే ఏడు ఎండలు ముదిరి బోర్లు ఎండాయి. ఆకులు చుట్టలు చుట్టుకుంటున్నాయి. పాత బావి అడుగున బండ. బండ నెర్రెలోంచి సన్నగా ఊట వస్తోంది. బండను పేల్చి ఇంకొంచెం దించితే నీళ్ళు అందుతాయి, తోట బతుకుతుంది. లేకపోతే లేదు. బత్తాయి చెట్టు పత్తి కాదు, పోతే మళ్ళీ వానకాలం వేసుకోవడానికి.

బండకు రంధ్రాలు వేసి మందుపెట్టి పేల్చే కంప్రెషర్ ట్రాక్టర్ మల్లేశం ఆ చుట్టుపక్కల బావులన్నీ కొట్టినవాడు. అంతకు ముందు క్వారీల్లో చేశాడు. ఆ ఎండల్లో అతని కోసం ఊళ్ళు కొట్లాడుకుంటున్నాయి. బావ కాళ్ళావేళ్ళా పడితే ఒక రోజు ఇచ్చాడు.

తోడుగా ఉంటానని నేనూ వెళ్ళాను. నా మారుతీ వ్యానులో ఆ క్వారీ సెట్టు బిగించి ఉంది. ఆ పల్లె ఎత్తు మీద ఉంటుంది, అక్కడి నుంచి ఎవరి గొంతైనా అందుతుందేమో చూద్దామని నా ఆశ.

మల్లేశం వ్యాను మీది ఏరియల్ చూడగానే పని ఆపేశాడు. "గిది వైర్‌లెస్సా, సారూ? బంద్ చెయ్. నేను కరెంటు క్యాపులు పెడ్త. నువ్వు అండ్ల మాట్లాడితే గిక్కడ నా చెయ్యి లేస్తది."

అతను అన్నది నిజం. వైర్‌లెస్ మాట్లాడినప్పుడు పుట్టే కరెంటు క్యాపు, అంటే డిటొనేటర్, తీగల్లోకి చేరితే దానంతట అదే పేలవచ్చు. నేను వింటానే కానీ మాట్లాడనన్నాను. అతను నమ్మలేదు. పైగా మా చెల్లెలు నవ్వుతూ, "మా అన్న మాట మీద ఒక్క క్యాపు గూడ పెట్టకు, మల్లన్నా" అంది. అతను నా చేతే మైకు ఊడబీకించి, తన సంచిలో వేసుకున్నాడు.

మైకు లేదు కాబట్టి సెట్టులోంచి ఒక్క అక్షరం బయటికి వెళ్ళే దారి లేదు. వినడం ఒక్కటే.

బండకు రంధ్రాలు కొట్టి, మందు కూరి, తీగలు పైకి లాగారు. కిష్టయ్య బావ రోడ్డు మీద బండ్లు ఆపడానికి వెళ్ళాడు. యాదమ్మ మోటారు రూము వెనక. మల్లేశం బావి అంచున నిలబడి లోపలంతా చూసి, విజిల్ ఊది, ఎర్రగుడ్డ ఊపి, తీగ పరుచుకుంటూ నా వ్యాను వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఒక తీగ కొస బ్యాటరీకి తగిలించాడు. రెండో కొస చేతిలో ఉంది. తాకిస్తే అయిపోతుంది.

వ్యానులో నా ముందు సెట్టు సన్నగా బుసకొడుతోంది. ఆ బుస ఆగింది.

ఇలాంటి సెట్లలో బుస ఆగిందంటే అటు ఎవరో మైకు నొక్కారని అర్థం. మాట తర్వాత వస్తుంది. నా చెయ్యి దానంతట అదే మైకు కోసం వెళ్ళింది. అక్కడ మైకు లేదు.

"ఆగుండ్రి. కింద మనిషున్నడు."

అదే గొంతు. అదే ఆయాసం. కొత్త బిళ్ళల మీద, మా హ్యాముల ఫ్రీక్వెన్సీలో, కాల్ సైన్ లేకుండా.

నాకు ఒళ్ళు మండింది. సత్తార్‌గాడు నా వెంటబడి ఇంతదూరం వచ్చాడు, ఏ గుట్ట ఎక్కి కూర్చున్నాడో అనుకున్నాను.

"ఎవడది?" అన్నాడు మల్లేశం.

"మా దోస్తు. మజాక్ చేస్తుండు. నువ్వు కానియ్."

మల్లేశం కానియ్యలేదు. బ్యాటరీకి ఉన్న కొసను పీకి, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి, రాయి కింద పెట్టాడు. "ఆపిన మాట చెవునబడ్డంక కొట్టొద్దు, సారూ. మజాకైనా సరే." లేచి బావి వైపు నడిచాడు.

నేను వెనకే వెళ్ళాను, అతనికి క్షమాపణ చెప్పుకునే మాటలు సిద్ధం చేసుకుంటూ.

మల్లేశం దిగి చూస్తే బావి అడుగున, పైనుంచి కనపడని బండ చూరు కింద, గొర్లకాపరి బీరయ్య క్యానులో ఊట నీళ్ళు పట్టుకుంటున్నాడు. మందు కూరిన రంధ్రాల పక్కనే. గొర్రెలను కట్ట అవతల వేపచెట్టు కింద వదిలి, మల్లేశం తీగ పరుచుకుంటూ ఇటు తిరిగినప్పుడు అటువైపు దారిన దిగాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవు. విజిల్ సంగతే తెలియదు.

చెయ్యి పట్టుకుని పైకి తెస్తుంటే ఆయన తిట్లు. "క్యానెడు నీళ్ళకు గింత లొల్లా? బావి ఏమన్న మీ అత్తగారు కట్నమిచ్చిండ్రా?"

యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. బీరయ్య మీద అరిచింది, తన బావిలో మనిషి ప్రాణం పోయేదని. బీరయ్యను గట్టు దాటించి, నీళ్ళు తాగించి, గొర్రెలతో సహా దూరంగా పంపాం. మల్లేశం ఇంకోసారి బావిలోకి దిగి, చూరు కింద, దిబ్బల వెనక, అంతా వెతికి వచ్చాడు. ఎవరూ లేరు.

వచ్చి తీగ దగ్గర కూర్చున్నాడు. కొసలు ముట్టుకోలేదు.

"ఇంకేంది మల్లన్నా, మనిషి ఎల్లిపాయె గద. కొట్టు" అంది యాదమ్మ.

"ఆపినోడే ఇడవాలె, అక్కా."

అర్థం కాలేదు మాకు. అతనే చెప్పాడు. క్వారీలో కాపలా మనిషి ఆపమన్నాడంటే, మళ్ళీ అతనే సాఫ్, అంటే కింద ఎవరూ లేరు, అనాలి. మేస్త్రీ అన్నా, ఓనరు అన్నా చెల్లదు. ఎందుకంటే చూసినవాడికే తెలుసు, కింద ఎంతమందిని చూశాడో. పక్కవాడు సాఫ్ అంటే కొట్టిన చోట్ల ఏమైందో తను చూశానన్నాడు. 

నేను సత్తార్‌కు ఫోన్ చేశాను. వెనక బ్యాండు మోత, పిల్లల అరుపులు. కొత్తకోటలో పెళ్ళికి మైకు సెట్టు తీసుకెళ్ళాడు.

"ఏ సెట్టు భాయ్? నా సెట్టు ఇంట్ల ఉంది. గిక్కడ దుల్హన్ తరఫోళ్ళు పాట మార్చుమని నా పానం తీస్తుండ్రు."

"మరి ఆనాడు దుకాణంల మాట్లాడింది?"

వాడు బ్యాండుకు దూరంగా జరిగాడు. "కసం భాయ్, అది గూడ నేను గాదు. నేనే అని నువ్వే అనుకున్నవ్. ఖుషీ అయి నేనూ అట్లనే ఉండనిచ్చిన."

అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. అయినా అనుమానం వదల్లేదు. మల్లేశమే ఏదైనా చేశాడా? అతని సంచి చూశాను. నా మైకు, బీడీలు, విజిల్. వ్యాను కింద దూరి చూశాను. ఏరియల్ తీగ వేలితో తడిమాను. సెట్టు మూత విప్పి బిళ్ళలు చూశాను, నేను పెట్టినవే. ఇంకో హ్యాము ఎవడైనా మమ్మల్ని చూస్తూ మాట్లాడాడా అంటే, ఆ బావి అడుగు గట్టు మీద నిలబడ్డ మాకే కనపడలేదు.

పొద్దు వాలుతోంది. సెట్టు బుసకొడుతూనే ఉంది. మల్లేశం దాని వైపే చూస్తున్నాడు. మర్నాడు అతను వేరే ఊరికి మాటిచ్చాడు.

యాదమ్మ నన్ను పక్కకు పిలిచింది. సెట్టులోని గొంతును ఆమె వినలేదు, అప్పుడు మోటారు రూము వెనక ఉంది కదా. ఆమె లెక్కలో నేను బీరయ్య దిగడం చూసి, ఊరికే చెప్పకుండా దానికో కథ అల్లాను. మల్లేశం భయస్తుడు, దాన్ని నమ్మేశాడు.

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత. తోట పోతది. నువ్వు వ్యాన్ల కూసొని, సాఫ్ అన్నడని చెప్పు. జిందగంత అబద్ధాలే చెప్పినవ్ గద. నా కోసం ఒక్కటి చెప్పు."

నాకు అదెంత పని? నా గొంతులో సిద్ధంగానే ఉంది. బీరయ్య వెళ్ళిపోయాడు, బావి ఖాళీ, ఎవరికీ నష్టం లేదు. మల్లేశం నీళ్ళు తాగడానికి ట్రాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు నేను వ్యానులో కూర్చున్నాను. అతను తిరిగి వస్తుంటే కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరిచాను.

బుస ఆగింది.

మాట రాలేదు. ఎవరో మైకు నొక్కి పట్టుకుని ఉన్నారు, మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దంలో చాలా దూరంగా గాలి, దాని వెనక ఒక మనిషి ఊపిరి. ఆయన నా మాట కోసం ఆగినట్టు అనిపించింది. నేను తెరిచిన నోరు మూశాను. మల్లేశం కూడా ఆగి విన్నాడు. కాసేపటికి బుస మళ్ళీ మొదలైంది.

మల్లేశం తీగలు చుట్టేశాడు. బావిలోకి దిగి, క్యాపులు తీసేసి, రంధ్రాల నిండా నీళ్ళు పోసి మందు పాడుచేసి వచ్చాడు. నా మైకు నాకిచ్చాడు. "అన్నం పెట్టే బావి, అక్కా. నేనైతే కొట్టలేను. వేరెటోళ్ళను సూస్కోండ్రి."

వేరేవాళ్ళూ కొట్టలేదు. ఆ పనివాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళే, కబురు ముందే చేరిపోయింది. దేవరకొండ వైపు నుంచి ఒకడు ట్రాక్టర్ వేసుకుని ఊళ్ళోకి వచ్చి, హోటల్లో చాయ్ తాగి, బావి వైపు రాకుండానే వెళ్ళిపోయాడు. ఆ ఎండాకాలం ట్యాంకర్లతో రోడ్డు పక్క చెట్లను కాపాడుకున్నారు. లోపలి సగం ఎండిపోయింది. ఎండిన చెట్లు నరికించి ఇప్పుడక్కడ పత్తి వేస్తున్నారు.

ఆ సెట్టు ఏ క్వారీదో కనుక్కుందామని పాత ఇనుము దుకాణానికి వెళ్ళాను. ఇంకో వ్యాపారి దగ్గర గుత్తగా కొన్నామన్నారు. ఆ వ్యాపారి దొరకలేదు. మల్లేశం ఒకసారి జడ్చర్లలో కనిపిస్తే అడిగాను, రాయి కింద మనుషులు పడ్డ క్వారీ ఏదైనా నీకు తెలుసా అని. "ఏ క్వారీల వడలేదు, సారూ?" అన్నాడు.

యాదమ్మ మాత్రం నాతో మాట తగ్గించింది. ఆమె లెక్కలో తోట సగం పోవడానికి కారణం నేనే. నా కథలు వినడానికి నవ్వుతూ కూర్చునే పిల్ల, నేను ఏదైనా మొదలుపెడితే లేచి లోపలికి పోయేది. సత్తార్ కూడా అంతే. "భాయ్, నా మిఠాయి కన్న పెద్ద మజాక్ చేసినవ్" అంటాడు. ఎంత ఒట్టు పెట్టుకున్నా నమ్మడు.

మొన్నటి ఎండాకాలం యాదమ్మ జడ్చర్లకు దవాఖానకు వచ్చి, మధ్యాహ్నం నా దుకాణానికి వచ్చింది. చాయ్ తెప్పించాను. తాగలేదు. బల్ల కింద గుడ్డ కప్పి ఉన్న సెట్టు వైపు చూసి, "అదేనా?" అంది. అదే అన్నాను. దాని బిళ్ళలు ఎప్పుడో పీకేసి వేరే సెట్టుకు పెట్టాను, అది ఇప్పుడు చెవిటిదని చెప్పాను.

"పెట్టు ఒకసారి."

పెట్టాను. బుసకొట్టింది. కొంగు సర్దుకుని, సెట్టు ముందు స్టూలు మీద కూర్చుంది. నన్ను ఎగతాళి చేయడానికి వచ్చిందేమో అనుకున్నాను.

"అయ్యా, సగం తోట పాయె" అంది సెట్టుతో, ఇంటికి వచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు. "మిగిలిన సగం గూడ ఈ ఏడు ఆకు ముడుస్తుంది. నిన్ను తప్పు వడ్తలేను. ఒక పానం కాపాడినవ్. గిప్పుడన్న సాఫ్ అను."

బుస ఆగింది.

బయట బస్సు హారన్ కొట్టింది. నేను కదల్లేదు. ఆమె స్పీకర్‌కు చెవి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని వింది. చాలాసేపు. మాట రాలేదు. తర్వాత బుస వచ్చింది.

యాదమ్మ లేచి, సంచి భుజానికి వేసుకుంది. ముఖంలో కోపం లేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

"ఇంకెవలో ఉన్నరన్నా, కింద."

ఈసారి బావి కొట్టించవద్దని బావకు ఆమే చెప్పిందట. ఎవరున్నారో, మా బావి అడుగునో, ఎక్కడో మూసేసిన క్వారీ అడుగునో నాకు తెలియదు. బిళ్ళలు లేని సెట్టులో బుస ఎలా ఆగుతుందో కూడా తెలియదు. ఇన్నేళ్ళుగా సెట్లు విప్పుతున్నాను, ఎవరైనా అడిగితే ఏదో ఒక కారణం అల్లి చెప్పగలను. దీనికి మాత్రం అల్లడానికి కూడా ఏమీ దొరకలేదు.